ముందు పప్పు నేర్చుకో

ఒరే చిన్నోడా,

హాస్టల్ ఖాళీ చేసి ముగ్గురూ కూకట్‌పల్లిలో రూమ్ తీసుకున్నారటగా, మీ అమ్మ చెప్పింది. రోజూ కర్రీ పాయింట్ కూరలతోనే లాగిస్తున్నారని కూడా చెప్పింది. అందులో తప్పేమీ లేదు. పరీక్షలప్పుడు అదే దిక్కు. కానీ సోడా, నూనె ఎక్కువైన ఆ కూరలు నెలల తరబడి తింటే కడుపు ఊరుకోదు.

మీ వయసు వాళ్లు యూట్యూబ్ పెట్టుకుని ముందు దమ్ బిర్యానీకి దిగుతారు. ఆదివారం ఒక పూట గొప్పగా తింటారు, సోమవారం మళ్లీ కర్రీ పాయింటే. నువ్వు పప్పుతో మొదలుపెట్టరా. పప్పు వచ్చిందంటే టమాటా పప్పు, పాలకూర పప్పు, బీరకాయ పప్పు, గోంగూర పప్పు అన్నీ వచ్చినట్టే. నీళ్లు ఎక్కువ పోసి చింతపండు పిండితే పప్పుచారు.

ముగ్గురికీ టీ గ్లాసుడు కందిపప్పు చాలు. కడిగి అరగంట నానబెట్టు. రెండున్నర గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు వేసి కుక్కర్‌లో పెట్టు. ఉప్పూ చింతపండూ అప్పుడే వేయకు, పులుపు తగిలితే పప్పు ఓ పట్టాన ఉడకదు. అదే కుక్కర్‌లో పైగిన్నెలో బియ్యం పెట్టేయొచ్చు, గ్యాస్ మిగులుతుంది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు; కొత్త బియ్యమైతే కాస్త తగ్గించు. మూత పెట్టేముందు విజిల్ తీసి, ఆ రంధ్రంలోంచి వెలుతురు కనబడుతోందో లేదో చూడు. ఆవిరి పూర్తిగా పోయేదాకా మూత తీయకు. ఈ రెండు విషయాల్లో మాత్రం బద్ధకం పనికిరాదు.

ఇక పోపు. రుచంతా అక్కడే ఉంది. నూనె కాగిందో లేదో తెలియాలంటే ఒక్క ఆవగింజ వేసి చూడు. చిటపటమంటే మిగతా ఆవాలు వేయి. అవి చిటపటలాడాక మినప్పప్పు, అది ఎర్రబడుతుండగా జీలకర్ర, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి. కరివేపాకు తడి తుడిచి వేయి, లేకపోతే నూనె మొహం మీదికి చిందుతుంది. చివర్లో ఇంగువ వేసి స్టవ్ కట్టేసి, పోపును పప్పులో కలిపి వెంటనే మూత పెట్టు, ఘుమఘుమ గిన్నెలోనే ఉండాలి.

దోసకాయ పప్పు చేస్తే ముందు చిన్న ముక్క కొరికి చూడు. ఒక్క చేదుకాయ చాలు, గిన్నెడు పప్పూ పారబోయాల్సిందే. కూరగాయలు రైతుబజార్‌లో కొను, ధరలు బోర్డు మీదే ఉంటాయి. 1999లో అవి వచ్చినప్పటి నుంచీ నాకు అక్కడే అలవాటు.

రూమ్ ఓనర్ గ్యాస్ వద్దంటే ఇండక్షన్ స్టవ్ కొనుక్కోండి. మీ అమ్మ ఇచ్చిన మామూలు అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచేయదు. అడుక్కి అయస్కాంతం అంటుకునే గిన్నెలే కావాలి. ఫ్రిజ్ లేదు కాబట్టి ఏ పూటకాపూటే వండుకోండి. పొద్దున వండిన అన్నం బయటే ఉంచి రాత్రికి వేడిచేసుకుని తింటే వాంతులు పట్టుకోవచ్చు, వేడిచేసినా ఆ విషం పోదు.

ఇంకోటి. వండినవాడు అంట్లు తోమకూడదని మొదటి రోజే మాట అనుకోండి. రూముల్లో గొడవలు కూర దగ్గర కాదు, సింకు దగ్గర మొదలవుతాయి. మగపిల్లాడికి వంటేమిటని మీ నాయనమ్మ సణిగితే, వంటలో పేరుపడ్డ నలుడూ భీముడూ మగవాళ్లే కదా నాయనమ్మా అని చెప్పు.

దసరాకి వస్తావుగా. ఒక పూట పప్పు నువ్వే వండాలి. కందిపప్పు నేను కొని ఉంచుతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ