నిశ్చయం కుదరని విద్యార్థి – మధ్యశ్రేణి ప్రైవేటు విశ్వవిద్యాలయం

గత వేసవిలో ఇంటర్మీడియట్ బై.పి.సి. ముగించిన ఒక విద్యార్థి తన తండ్రితో కలిసి మా ఇంటికి వచ్చాడు. తండ్రి పలాసలోని ఒక జీడిపప్పు కర్మాగారంలో పనివాడు. ఆయన చేతిలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయపు దరఖాస్తు ఉంది. “మేష్టారూ, మావాడికి వ్యవసాయమూ ఇష్టమే, ఫార్మసీ ఇష్టమే, బోటనీ ఇష్టమే. ముందు ఏదో ఒకదానిలో చేరితే తరువాత మార్చుకోవచ్చంటున్నారు. డబ్బు కట్టేయమంటారా?” అని అడిగాడు. ఆ డబ్బు కూతురి చదువు కోసం దాచినదని మాటల మధ్య తెలిసింది. ఆనాడు వారికి నేను చెప్పిన సంగతులనే మన విద్యార్థినీ విద్యార్థుల ఉపయోగార్థం ఇక్కడ క్రమపరచి రాస్తున్నాను.

1. సందిగ్ధత దోషం కాదు

పదవ తరగతి కాగానే గ్రూపు ఎన్నుకోవలసిన వ్యవస్థ మనది. ఆ ఎన్నికతోనే కొన్ని ద్వారాలు మూసుకుపోతాయి. పదిహేడేళ్ళ వయస్సులో మిగిలిన వాటిలో ఏది తనదో తేల్చుకోలేకపోవడం బుద్ధిమాంద్యం కాదు. అయితే సందిగ్ధతకు ఒక వెల ఉన్నది. ఆ వెల ఎంత, దానిని ఎవరు చెల్లిస్తారు అన్నదే అసలు విచారణ.

2. పట్టా ఇచ్చే అధికారం

దాతలు విద్యాసంస్థలను నడపడం మన ప్రాంతానికి కొత్త కాదు. విజయనగరం మహారాజా కళాశాల 1879లో డిగ్రీ కళాశాల స్థాయికి ఎదిగింది. గురజాడ అప్పారావు 1886లో బి.ఏ. పట్టభద్రులైనది అక్కడే. కళాశాలను పోషించినది సంస్థానమే అయినా, పట్టా ఇచ్చినది మద్రాసు విశ్వవిద్యాలయం. పోషణ ఒకరిది కావచ్చు, పట్టా ఇచ్చే అధికారం మాత్రం చట్టం వల్లనే సంక్రమించాలి.

నేటి నియమమూ అదే. 1953లో మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ ప్రారంభించిన విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి (యు.జి.సి.) 1956 నాటి చట్టం శాసనబద్ధత కల్పించింది. శ్రీకాకుళం సమీపాన ఎచ్చెర్లలో 2008లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం రాష్ట్ర ప్రభుత్వానిది. విశాఖలోని గీతం 1980లో ఇంజనీరింగు కళాశాలగా మొదలై, 2007లో డీమ్డ్ విశ్వవిద్యాలయమైనది. విజయనగరం సమీపాన ఉన్న సెంచూరియన్ విశ్వవిద్యాలయం, 2016 నాటి రాష్ట్ర ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం వచ్చిన మరుసటి ఏడాది, 2017లో ఏర్పడినది. ఈ మూడూ మూడు జాతులు. కాబట్టి ఏ సంస్థ పేరు విన్నా, అది యు.జి.సి. జాబితాలో ఉన్నదా అని చూడడం మొదటి మెట్టు. వ్యవసాయానికి ఐ.సి.ఎ.ఆర్., ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్ వంటి సంస్థల గుర్తింపును కోర్సువారీగా విడిగా చూడాలి. న్యాక్ శ్రేణికి గడువు ఉంటుంది గనుక దాని తేదీని కూడా గమనించాలి.

3. మధ్యశ్రేణిలోని మంచిచెడ్డలు

మరీ పెద్దది కాని విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడు విద్యార్థిని పేరుతో పిలవగలడు. ప్రయోగశాలలో వంతు త్వరగా వస్తుంది. మనస్సు కుదరని విద్యార్థికి ఇది గొప్ప మేలు, ఎందుకంటే అతనికి కావలసినది సలహా చెప్పే మనిషి. కాని శాఖలు తక్కువైనచోట మారడానికి తావు కూడా తక్కువ. ఒక శాఖలో ఇద్దరే అధ్యాపకులుండి, వారిలో ఒకరు వెళ్ళిపోతే ఆ శాఖ సగమైపోతుంది.

4. “మార్చుకోవచ్చు” అన్న మాటకు అర్థం

2020 నాటి జాతీయ విద్యా విధానం ఒక ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా, మూడేళ్ళకు డిగ్రీ అనే వెసులుబాటును సూచించింది. క్రెడిట్లు దాచుకునే బ్యాంకు 2021లో వచ్చింది. అయితే దాచిన క్రెడిట్లను చేరబోయే సంస్థ అంగీకరించాలి. బి.ఎస్సీ.లో విషయం మార్చుకోవడం ఒకటి, వ్యవసాయం నుండి ఫార్మసీకి మారడం మరొకటి. రెండవదానికి ప్రవేశమే వేరు, పర్యవేక్షించే సంస్థే వేరు. అది మార్పు కాదు, మళ్ళీ మొదటి నుండి ఆరంభించడమే.

అందుచేత ఆ తండ్రీకొడుకులకు ఒక కాగితం మీద అయిదు ప్రశ్నలు రాసి ఇచ్చాను:

(అ) ఏ కోర్సు నుండి ఏ కోర్సుకు, ఏ సెమిస్టరు లోపల మారవచ్చు?
(ఆ) మారితే పోయే కాలమెంత, అదనపు రుసుమెంత?
(ఇ) అన్ని సంవత్సరాలకూ, హాస్టలుతో సహా, మొత్తం ఖర్చెంత?
(ఈ) ఫీజు రీయింబర్స్‌మెంటు లేదా ఉపకారవేతనం ఈ సంస్థలో, ఈ కోర్సుకు వర్తించునా?
(ఉ) చేరిన తరువాత మానుకుంటే సొమ్ము ఎంత తిరిగి వస్తుంది?

సమాధానాలు రాతపూర్వకంగా తీసుకొమ్మన్నాను. మూల ధ్రువపత్రాలను సరిచూసి వెంటనే తిరిగి ఇవ్వాలనీ, సంస్థ తన వద్ద ఉంచుకోరాదనీ యు.జి.సి. 2018లో ప్రకటించిన సంగతి కూడా చెప్పాను. ఆ పత్రాలు మన చేతిలో లేకపోతే మనస్సు మార్చుకునే స్వేచ్ఛ ఉన్నా లేనట్లే.

5. ఎవరికి తగును?

సందేహం ఒకే విభాగంలోని శాఖల మధ్య అయితే, ఆ శాఖలన్నీ అక్కడ ఉంటే, అన్ని సంవత్సరాల ఖర్చునూ కుటుంబం అప్పు లేకుండా మోయగలిగితే, అట్టి విశ్వవిద్యాలయం తగినదే. సందేహం వేర్వేరు వృత్తుల మధ్య అయితే, తక్కువ ఖర్చుతో ఆలోచనకు వ్యవధినిచ్చే ప్రభుత్వ కళాశాల మేలు.

తండ్రీకొడుకులు బస్సెక్కి వెళ్ళి అడిగి వచ్చారు. మూడు ప్రశ్నలకు జవాబు రాసి ఇచ్చారట. మార్పును గురించిన మొదటి రెండింటికి మాత్రం రాలేదు. కుర్రవాడు ప్రభుత్వ కళాశాలలో బి.ఎస్సీ. బోటనీలో చేరాడు. మొన్న సెలవుల్లో కనిపించినప్పుడు, “మేష్టారూ, ఇంకా ఫార్మసీ మీద మనసుంది” అన్నాడు నవ్వుతూ. అతని సందేహం తీరలేదు. కాని చెల్లెలు ఇంటర్‌లో చేరింది.