మతబ్ తెరిచే ముందు రెండు రిజిస్ట్రేషన్లు

మన కుటుంబాల్లో తాతగారి మతబ్ అంటే గౌరవం. ఆయన నబ్జ్ చూసి మందిచ్చిన రోగుల పిల్లలు ఈనాటికీ అదే గుమ్మం ఎక్కుతారు. ఆయన పోయాక కొడుకో మనవడో అదే కుర్చీలో కూర్చుని, అవే సీసాల్లోంచి మాజూన్ తీసి ఇస్తుంటే ఎవరికీ తప్పు అనిపించదు. డిగ్రీ, రిజిస్ట్రేషన్ లేకుండా అలా వైద్యం చేయడం చట్టరీత్యా నేరం. దానికి జైలుశిక్ష కూడా పడవచ్చు.

గోడకు వేలాడే ఆ సర్టిఫికెట్ తాతగారి ఒక్కరిది. యూనానీ, ఆయుర్వేద, సిద్ధ వైద్యాలకు 1970లో పార్లమెంటు చట్టం చేసినప్పుడు, అప్పటికే రాష్ట్రాల రిజిస్టర్లలో ఉన్న అనుభవ వైద్యుల హక్కులను కాపాడింది. ఇల్లూ పొలంలాగా అవి వారసులకు రావు. కేరళలోని పారంపర్య వైద్యులు తమకు రిజిస్ట్రేషన్ లేకున్నా వైద్యం చేసే హక్కు ఉందని సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. 2018 ఏప్రిల్‌లో కోర్టు వారి వాదనను తోసిపుచ్చింది. ఎన్ని తరాల అనుభవం ఉన్నా, గుర్తింపు పొందిన అర్హత, రిజిస్టరులో పేరు ఉండి తీరాలన్నది దాని సారాంశం. తాతగారి మతబ్ నిలబడాలంటే ఇంట్లో ఒక బిడ్డ నీట్ రాసి బి.యు.ఎం.ఎస్.లో చేరడమే దారి. 

రిజిస్టరు అంటే హకీములకు గిట్టదని కొందరు అంటారు. చరిత్ర అలా లేదు. 1912లో బొంబాయి ప్రభుత్వం చేసిన రిజిస్ట్రేషన్ చట్టం పాశ్చాత్య వైద్యులకే గుర్తింపు ఇచ్చింది. అలాంటి చట్టాలు హకీములనూ వైద్యులనూ బయటికి నెట్టేస్తాయని హకీం అజ్మల్ ఖాన్ ఇద్దరినీ ఒకే వేదిక మీదికి తెచ్చి పోరాడారు. ఈనాడు మన చేతికి వచ్చే రిజిస్ట్రేషన్ నంబరు వెనుక అంత కథ ఉంది.

ఇక పని విషయం. బి.యు.ఎం.ఎస్. చదువు నాలుగున్నర ఏళ్ళు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. అది ముగిసి డిగ్రీ వచ్చాక రాష్ట్ర బోర్డులో పేరు నమోదు చేసుకోవాలి. కర్ణాటకలో ఆయుర్వేద, యూనానీ వైద్యుల బోర్డు, తమిళనాడులో భారతీయ వైద్య బోర్డు, మహారాష్ట్రలో భారతీయ వైద్య మండలి ఈ పని చూస్తాయి. వీటన్నిటి పైన 2021 జూన్ నుంచి భారతీయ వైద్య పద్ధతుల జాతీయ కమిషన్ ఉంది. పాత కేంద్ర మండలి ఇప్పుడు లేదు.

దరఖాస్తులో మనవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది పేరు దగ్గర. పదో తరగతి సర్టిఫికెట్‌లో 'షేక్' ముందు ఉంటుంది, ఆధార్‌లో చివరికి పోతుంది, డిగ్రీలో ఒట్టి ఇంటిపేరు అక్షరమే మిగులుతుంది. మహమ్మద్ అన్న ఒక్క పేరునే ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. పెళ్ళయ్యాక అమ్మాయి పేరు పక్కన భర్త పేరు చేరితే మరో తేడా. ఇవన్నీ ఒకే మనిషివని రుజువు చేయడానికి అఫిడవిట్లు, గెజెట్ ప్రకటనలు అంటూ నెలలు గడిచిపోతాయి. కాబట్టి కాలేజీలో చేరిన రోజే పదో తరగతి పేరును ప్రమాణంగా పెట్టుకుని మిగతా కాగితాలు దిద్దించండి. ఆఖరి ఏడాది దాకా ఆగకండి.

పిల్లలు కర్నూలులోనో, హైదరాబాదు చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ కాలేజీలోనో చదివి, అక్కడే రిజిస్టరై, బళ్ళారికో హోసూరుకో తిరిగి వస్తే మరో మెట్టు ఉంది. మొదట నమోదైన బోర్డు నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని, ప్రాక్టీసు పెట్టే రాష్ట్రం బోర్డుకు మారాలి. 

ఇంతవరకూ రిజిస్టరైంది మనిషి. మతబ్ నడిచే చోటు సంగతి వేరు. కర్ణాటకలో 2007 నాటి ప్రైవేటు వైద్య సంస్థల చట్టం కింద ఒక్క గది క్లినిక్కైనా జిల్లా అధికారుల దగ్గర నమోదు కావాలి. ఆ పత్రం అయిదేళ్ళకు చెల్లుతుంది. తమిళనాడులో 1997 నాటి చట్టం ఉంది. దాని నియమాలు 2018లో వచ్చాయి. యానాం పుదుచ్చేరిలో భాగం గనుక అక్కడ 2010 నాటి కేంద్ర చట్టం వర్తిస్తుంది. డాక్టరుగా నమోదయ్యాం, ఇంకేం కావాలని క్లినిక్ పత్రాన్ని వదిలేసేవారే ఎక్కువ. తనిఖీకి వచ్చినవారు మూసేయమనేది అక్కడే.

హిజామా చేసేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. చర్మం మీద గాటు పెట్టి రక్తం తీస్తే, ఆ బ్లేడూ దూదీ వైద్య వ్యర్థాల కిందికి వస్తాయి. 2016 నియమాలు యూనానీ క్లినిక్కులకూ వర్తిస్తాయి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. పడకలు లేని చిన్న క్లినిక్కుకు అది ఒకసారి తీసుకుంటే చాలు. బ్లేడ్లు గుచ్చుకోని గట్టి తెల్ల డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి వెళ్ళాలి. మునిసిపాలిటీ చెత్తబుట్టలో వేస్తే రేపు తెల్లవారి ఆ బుట్ట ఎత్తే మనిషి చేతికి గుచ్చుకుంటుంది.

రిజిస్టరైన హకీం తన రోగుల కోసం తానే మందు తయారుచేసుకోవచ్చు. దానికి ఫ్యాక్టరీ లైసెన్సు అక్కర్లేదు. అదే సీసాకు లేబులు అంటించి పక్క ఊరి దుకాణంలో అమ్మకానికి పెడితే మాత్రం లైసెన్సు కావాలి. ఇంగ్లీషు మందులు రాసే విషయంలో 1996లోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది: తాను చదవని పద్ధతిలో వైద్యం చేసేవాడు నకిలీ వైద్యుడే. రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతించిన చోట తప్ప ఆ జోలికి పోవద్దు.

చివరగా కరపత్రాలు. మధుమేహం, కంటిలో శుక్లం వంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. కరపత్రాల విషయంలో రిజిస్ట్రేషన్ ఉన్నవారికీ ఇందులో మినహాయింపు లేదు. ఆ జబ్బుల జాబితా చట్టంలోనే ఉంది; అచ్చుకు ఇచ్చే ముందు ఒకసారి చూసుకోండి.