సంతోషాన్ని విడమరిచి చెప్పే ఉద్యోగం

సైకాలజీ చదువుతానంటే నందిగామలోనైనా, జగ్గయ్యపేటలోనైనా ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న 'పిచ్చాసుపత్రిలో పనిచేస్తావా?' అని. రెండోది జీతం గురించి. సంతోషంపై జరిగిన పరిశోధనను మామూలు జనానికి అందించడమే వృత్తిగా పెట్టుకున్న సైకాలజిస్టులున్నారని చెబితే ఇంకా నవ్వుతారు. కానీ 2018లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ లారీ శాంటోస్ సంతోషంపై కోర్సు పెడితే దాదాపు 1,200 మంది చేరారు. ఇలాంటి ఆన్‌లైన్ కోర్సునే ప్రొఫెసర్ రాజ్ రఘునాథన్ హైదరాబాద్ ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ (ఐఎస్‌బీ) ద్వారా అందించారు. 2025లో కన్నుమూసిన బీవీ పట్టాభిరామ్ ఇంద్రజాల వేదిక మీద మొదలుపెట్టి, మనస్తత్వశాస్త్రాన్ని తెలుగు పుస్తకాల్లో ఇంటింటికీ చేర్చారు. వినేవాళ్లకు కొదవ లేదు. అయితే ఈ రంగంలో నిలబెట్టేది మాటకారితనం కాదు, ఆధారాన్ని తూచగల చదువు.

డబ్బు సంగతే చూడండి. ఏడాదికి 75,000 డాలర్లు దాటాక ఆదాయం పెరిగినా రోజువారీ ఆనందం పెరగదని పరిశోధకులు కానెమన్, డీటన్ 2010లో తేల్చారు. మోటివేషన్ వక్తలకు ఇంతకంటే ఏం కావాలి? 2021లో కిల్లింగ్స్‌వర్త్ అనే మరో పరిశోధకుడు దీన్ని కాదన్నారు. ఆయనా కానెమన్ కలిసి కూర్చుని 2023లో లెక్క సరిచూస్తే, ఆదాయంతో పాటు చాలామందికి ఆనందమూ పెరుగుతోందని, అందరికంటే దిగులుగా ఉన్న కొద్దిమందికే అది ఒకచోట ఆగుతోందని తేలింది. ధ్యానం, వ్యాయామం లాంటి చిట్కాల వెనక గట్టి ప్రయోగాలు తక్కువేనని అదే ఏడాది ఫోక్, డన్ అనే పరిశోధకులు చూపించారు. అవి పనికిరావని కాదు, ఇంకా తేలలేదని. ఆ తేడా చెప్పగలిగినవాడే సైకాలజిస్టు.

'మిర్చి ధర పడిపోయిన కౌలు రైతుకు సంతోష పాఠాలేమిటి?' అంటారా? సరైన ప్రశ్నే. కల్లంలో తాలుకాయలు ఏరుతున్న మనిషిని 'మీ జీవితానికి పదికి ఎన్ని మార్కులేస్తారు?' అని అడిగితే 'ఏదో నడుస్తోందండీ' అంటారు. ఆ మాట వెనక అప్పుందో, అలసట ఉందో పట్టుకోవాలంటే ఆ ఊరి తెలుగు రావాలి. అక్కడ సంతోషానికి డబ్బుతో పనిలేదని చెప్పడం క్రూరత్వమే కాదు, 2023 ఫలితం ప్రకారం తప్పు కూడా. సిమెంటు ఫ్యాక్టరీ షిఫ్టుల్లో నిద్ర చెడినవాళ్లకు, విజయవాడ హాస్టళ్లలో ర్యాంకుల కింద నలిగే ఇంటర్ పిల్లలకు ఈ శాస్త్రాన్ని వాళ్ల మాటల్లో చెప్పేవాళ్లు ఇప్పటికీ తక్కువే.

ఇక జీతం. రాతలు, ప్రసంగాలతోనే ఇల్లు గడుస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. అధ్యాపకులుగానో, స్కూల్ కౌన్సెలర్‌గానో ముందు ఒక ఉద్యోగం చూసుకోండి. ఆంధ్రా, ఉస్మానియా యూనివర్సిటీల్లో సైకాలజీ శాఖలున్నాయి. క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు కట్టాలంటే మాత్రం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తింపు ఉన్న కోర్సు, అక్కడ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఎక్కడ చేరినా స్టాటిస్టిక్స్ పేపర్‌ను గట్టెక్కడానికని చదవకండి, మీ అసలు పనిముట్టు అదే.