దూరం అడిగితే ముందు ఆగినచోటు వెతుకు

పూరీ గేట్, ఖరగ్‌పూర్

అమ్మడూ,

నువ్వు పంపిన కాగితాలు చూశాను. ఇంటిగ్రేషన్‌లో ఒక్క పొరపాటు లేదు. అయినా కణం ప్రయాణించిన దూరం అడిగిన ప్రతిచోటా జవాబు తక్కువొచ్చింది. కణం ఎక్కడ వెనక్కి తిరిగిందో చూడకుండానే లెక్క మొదలెట్టేశావు, అంతే.

ఇక్కడి రైల్వే యార్డులో షంటింగ్ ఇంజన్ నడిపినవాణ్ణి కనుక నాకు తెలిసిన దారిలోనే చెబుతాను. మన స్టేషన్లో ఆ పొడుగు ప్లాట్‌ఫారం 1072 మీటర్లు. (2013లో గోరఖ్‌పూర్ దాటేసేదాకా ప్రపంచంలో అదే పెద్దది, నీకు తెలుసుగా!) ఇంజన్ దాని పొడవునా వెళ్ళి, బయల్దేరిన చోటికే తిరిగొచ్చిందనుకో. స్థానభ్రంశం సున్నా. కానీ చక్రాలు దొర్లింది 2144 మీటర్లు. డీజిల్ కాలేదీ, చక్రం అరిగేదీ ఆ మొత్తానికి. వెనక్కి నడిపినా స్పీడోమీటర్ ముల్లు సున్నా కిందికి దిగదమ్మా. పుస్తకంలో వేగానికి అటూ ఇటూ నిలువు గీతలు గీసేది అందుకే.

నీ కాగితంలోని లెక్కే తీసుకో. వేగం టీ స్క్వేర్ మైనస్ 4 టీ ప్లస్ 3, సున్నా నుంచి 4 సెకన్ల దాకా. ముందు వేగాన్ని సున్నా చేసి చూడు: 1వ సెకను దగ్గరా, 3వ సెకను దగ్గరా ఆగింది. మొదటి సెకనులో ముందుకి 4/3 మీటర్లు. తర్వాతి రెండు సెకన్లలో వెనక్కి 4/3. ఆఖరి సెకనులో మళ్ళీ ముందుకి 4/3. దూరం 4 మీటర్లు. నువ్వు ఒకే ఊపున ఇంటిగ్రేట్ చేశావు కనుక వెనక్కి వచ్చింది ముందుకి పోయినదాన్ని మింగేసి, 4/3 మిగిలింది. అది స్థానభ్రంశం.

వేగం క్షణక్షణానికీ మారుతుంటే ఏ క్షణానికి ఎంతో పట్టుకోవడం మనవాళ్ళకి కొత్త కాదు. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడు గ్రహాల తాత్కాలిక గతిని, అంటే ఆ క్షణపు వేగాన్ని లెక్కకట్టాడు. చంద్రుడి నడక రోజంతా ఒకేలా ఉండదు కనుక రోజుకింత అని సగటు కడితే సరిపోదు. గ్రహం వక్రించి వెనక్కి మళ్ళేటప్పుడు కూడా చూడు, తిరిగేముందు నిలిచినట్టే కనిపిస్తుంది.

కాబట్టి పెన్ను పట్టగానే ఇంటిగ్రేషన్ గుర్తు వెయ్యకు. వేగం గ్రాఫు చిన్నదైనా సరే గీయి. సున్నా గీత కిందికి దిగిన ముక్కని విడిగా చేసి, మైనస్ తీసి కలుపు. 1951లో మన హిజ్లీలో మొదలైన ఐఐటీలో చదవాలని ఆశపడుతున్నావు, ప్రవేశ పరీక్షలో దూరాన్నీ, స్థానభ్రంశాన్నీ పక్కపక్కనే ఆప్షన్లుగా ఇస్తే తడబడకూడదు.

ఇదే లెక్కని 5 సెకన్ల దాకా చేసి, గ్రాఫుతో సహా పంపు. దూరం 28/3, స్థానభ్రంశం 20/3 రావాలి.

మీ పెదనాన్న