మకుటమును డిజిటల్ సంతకమును

మన లక్డీకాపూల్ బాలిక యొకతె ఇచ్చటి పూర్వపు కఱ్ఱవంతెనను గూర్చి ఒక పద్యము వ్రాసి, ఫోనులో స్నేహితురాండ్రకు పంపినదనుకొందము. సాయంకాలమున కది పదుగురి చేతులు మారును. నడుమ నెవరో ఆమె పేరు తీసి తమ పేరు చేర్చుదురు. పద్యము తనదేయని ఆమె యెట్లు నిరూపింపగలదు?

ఈ చిక్కు క్రొత్తది కాదు. మన కవులు పద్యములకు మకుటమును, పదములకు ముద్రను ఉంచుకొనిరి. క్షేత్రయ్య పదములందలి మువ్వగోపాల ముద్ర యట్టిదే. కాని మకుటము ప్రతి పద్యమునందును ఒక్కటియే గనుక, ఎవరైనను తమ పద్యమునకు దానిని తగిలింపవచ్చును. సి. పి. బ్రౌను దొర 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. నేడు వేమన పేర వేలకొలది పద్యములున్నవి. వానిలో నిజముగా ఆయనవి ఏవో పండితులును తేల్చలేకున్నారు.

డిజిటల్ సంతకము ఈ లోపమును తీర్చును. కంప్యూటరు రచన యంతటిని గణితముచే ఒక చిన్న సంఖ్యగా మార్చును. ఒక్క యక్షరము మారినను ఆ సంఖ్య వేఱగును. రచయిత తన రహస్యపు తాళపుచెవితో ఆ సంఖ్యపై సంతకము చేయును. దానికి జతయైన బహిరంగపు తాళపుచెవితో ఎవరైనను సరిచూడవచ్చును. కావున ఒక పద్యపు సంతకము వేఱొక పద్యమున కతుకదు. ఈ జంట తాళపుచెవుల భావమును 1976లో డిఫీ, హెల్మన్ అను అమెరికా పండితులు ప్రకటించిరి. మన దేశమున 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము డిజిటల్ సంతకమునకు న్యాయబలమొసగెను.

అయినను ఒక సంగతి మఱువరాదు. దొంగయును తన సంతకము చేయగలడు! ముందు వ్రాసినవారెవరో సంతకము తనంతట చెప్పదు. అందుచేత నమ్మదగిన మూడవవారిచే తేదీ, వేళ తెలుపు ముద్ర వేయించుటయు, చిత్తుప్రతులను భద్రపఱచుటయు మేలు. 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి, రచనతోడనే హక్కు పుట్టును. నమోదు తప్పనిసరి కాదు. ఆ హక్కు రచయిత జీవితకాలమును, మరణానంతరము 60 సంవత్సరములును నిలుచును.

లక్డీకాపూల్ అనగా కఱ్ఱవంతెన. నేడు కఱ్ఱ లేదు, పేరు నిలిచినది. పలుకువారు దానిని విడువకపోవుటయే కారణము. రచనల విషయమున తఱచుగా వ్రాత నిలిచి, పేరు పోవుచున్నది. సంతకమును గణితము కాపాడును. పేరును కాపాడవలసినవారము మనమే. కావున తల్లిదండ్రులకును పిల్లలకును మేము మనవిచేయున దొక్కటి: ఇతరుల రచనను పంపునపుడు, వ్రాసినవారి పేరును దానితోకూడ పంపుడు.