పిడి పరీక్ష

మన పొన్నూరు ప్రాంతపు రైతు కొడవలి కొనునపుడు ముందుగా అంచును చూడడు. పిడిని పట్టి చూచును. పదును తగ్గినచో సాన పెట్టించుకొనవచ్చును. పిడి చేతికి ఒదుగనిచో దినమంతయు అరచేత బొబ్బలే. మనవారు చిన్న కత్తికి పిడిబాకు అని పేరు పెట్టిరి. ఆ పేరులో పిడికే ముందుచోటు దొరకినది.

ఒకనాటి సాయంకాలము నా పూర్వశిష్యుడొకడు ఒక కొయ్యపెట్టెను తెచ్చి నా ముందుంచెను. అందులో పామువలె వంకరలు తిరిగిన బాకు ఒకటి యుండెను. అతని మాతామహుడు విశాఖపట్టణపు ప్రాంతమువాడు. వయసులో నుండగా మలయాలోని రబ్బరు తోటలకు పనికి వెళ్లి, తిరిగి వచ్చునపుడు దానిని తెచ్చుకొనెనట.

“మాస్టారుగారూ! ఒక వర్తకుడు దీనిని కొనుటకు వచ్చినాడు. ఇనుము మంచిదే కాని కొయ్యపిడి పాడైనదనుచున్నాడు. వెండిపిడి వేయించినచో రెట్టింపు వెల యిచ్చునట. పాత కొయ్యను తానే తీసికొనిపోయి పారవేయునట. వేయించమందురా?” అని అడిగెను.

ఆ చివరి మాట నాకు వింతగా తోచెను. పనికిరాని కొయ్యపై వర్తకునికి అంత శ్రద్ధ యెందులకు?

ఈ బాకును మలయా, జావా, బలి ప్రాంతములవారు కెరిస్ అందురు. ఇండోనేసియా కెరిసును యునెస్కో సంస్థ 2005లో మానవజాతి వారసత్వములలో నొకటిగా ప్రకటించెను. ఆ దీవులు మనకు బొత్తిగా క్రొత్తవి కావు. పొన్నూరికి దక్షిణమున సముద్రతీరమందున్న నిజాంపట్నములో డచ్చివారు 1606లో వర్తకశాలను నెలకొల్పిరి. ఈ తీరపు నూలుబట్టలు ఓడలపై ఆ దీవులకు పోయి సుగంధద్రవ్యములకు మారకమయ్యెడివి.

నేను మొదట పిడిని పట్టి చూచితిని. కెరిస్ నరకు కత్తి కాదు, పొడుచు కత్తి. అందువలన దాని పిడి తిన్నగా నుండక ఒక ప్రక్కకు వంగి యుండును. సరిగా పట్టినపుడు మొన మన మణికట్టు నుండియే ముందునకు సాగినట్లు తోచవలెను. బజారులో అమ్ముటకు మాత్రమే చెక్కిన పిడిని పట్టిన యెడల ఎక్కడనో ఒక కొన అరచేతిని గ్రుచ్చును. ఈ పిడి గ్రుచ్చలేదు.

తరువాత రూపము. దూరము నుండి చూచినచో అది ముక్కు వంగిన చిలుకవలె నుండెను. విరిగిన బొమ్మయేమో అని నేనును మొదట అనుకొంటిని. దగ్గరగా చూడగా చేతులు ముడుచుకొని, తల వంచి, చలికి వణకుచు కూర్చున్న మనిషి కనబడెను. మలయావారు ఈ రూపమును జావా దెమమ్ అందురు. జ్వరపడిన జావావాడు అని దాని అర్థము. ఎంత చక్కని పేరు! కెలంతాన్, పట్టాని సీమలలో మరియొక తీరు కలదు. దానికి పొడవైన ముక్కుండును, తాజోంగ్ అందురు. బలి ద్వీపమున దేవతలను, రాక్షసులను స్పష్టముగ చెక్కుదురు. మలయా పిడిలో మాత్రము మనిషి తీగల చాటున దాగి యుండును. ఆ తీగలలోనే పనివాని నేర్పు తెలియును. తీగ ఒకచోట మొదలై, తెగక, మరియొక తీగ క్రిందుగా దూరి, ఆకుగా ముగియవలెను. సామాన్యుడు చెక్కిన తీగ గీతవలె పైపైన నుండును. ఎదురుగ కనబడు భాగము శ్రద్ధతో చెక్కి, గడ్డము క్రింద వదలివేయువారును కలరు. ఈ పిడిని తలక్రిందులుగా పట్టి చూచితిని. అక్కడను పని అంతే శుభ్రముగ నుండెను.

కొయ్య పసుపుపచ్చనిది. మలయావారు కెమునింగ్ అను ఆ చెట్టు మన నాగగొలుగే. దాని నారలో నిప్పుమంటవంటి చారలు వచ్చుట గొప్ప. ఆ చారలు విగ్రహపు వీపు మీదుగా పైకి ప్రాకునట్లు కొయ్యను కోయుట మంచి పనివాని లక్షణము. ఏనుగు దంతముతోను పిడులు చేసిరి. అడ్డుకోతలో ఒకదానినొకటి ఖండించు సన్నని గీతలుండినచో అది దంతము. చిన్న నల్లచుక్కలుండినచో ఎముక. దంతపు వర్తకము మన దేశమున చట్టవిరుద్ధము.

ఇక ప్రాచీనత. ఇందులోనే మోసము ఎక్కువ. క్రొత్త పిడికి పొగపట్టించి, రంగుపూసి పాతదనిపింతురు. కాని రంగు అన్నిచోట్ల ఒకే తీరున పట్టును. చేయి అట్లు కాదు. బొటనవ్రేలు ఆనుచోట అరిగి నునుపెక్కును; చేయి తగులని లోతులలో నలుపు నిలుచును. ఈ పిడి భుజముపై తీగ దాదాపు చెరగిపోయినది. మొదట నొక చిన్న బీటయు కలదు. అది దోషమే, వెల తగ్గును.

“అయినను వెండి వెండియే గదా!” అని శిష్యుడు సందేహించెను.

నేను ఉద్యోగములో నుండగా పిల్లలను హైదరాబాదు సాలార్జంగు మ్యూజియమునకు తీసికొనిపోయితిని. అది 1951 డిసెంబరు 16న తెరవబడినది. అక్కడ నూర్జహానుదని చెప్పు పండ్లుకోయు కత్తి కలదు. పిల్లలందరును రాళ్లు లెక్కపెట్టిరి. ఆ రాళ్ల క్రింది పచ్చని జేడ్ రాతిని ఒక్కరును చూడలేదు. ఆ రాతిపై ఉక్కు ఉలి పనిచేయదు. కురువిందపు పొడితో నెలల తరబడి అరగదీయవలెను. నేనీ మాట చెప్పి, “నీవు వేయించు వెండి రేకును రేపు ఎవడైనను చేయగలడు. ఈ వణకు మనిషిని చేయువాడు మన ఊర లేడు” అంటిని.

శిష్యుడు మాట్లాడక పిడిని మెల్లగా లాగెను. అది ఊడివచ్చెను. కెరిస్ పిడులను ఇనుపకాడకు దారమో గుడ్డపీలికయో చుట్టి బిగింతురు. లోపలి దారము చివికి పొడియైనది. పిడి కదలుటకు కారణము అదియే. అతడు మా యింటి నూలుదారమును చుట్టి దానిని మరల బిగించెను.

మరునాడు వర్తకుడు వచ్చెను. పిడి మార్పించనని చెప్పగా, అతడు బాకు మాట ఎత్తక, పిడి ఒక్కదానికే వెల కట్టసాగెను. శిష్యుడు పెట్టె మూసెను.