ఒక్క రాత్రి ఇల్లు

బ్రిటను దీవికి పడమటి ప్రక్కను వేల్సు దేశము కలదు. ఆ దేశపు వాయవ్య మూలను, కొండలకును సముద్రమునకును నడుమ, గ్వినెద్ అను కౌంటీ యున్నది. కౌంటీ యనగా మన జిల్లా వంటిది. 2021 జనాభా లెక్కల ప్రకారము అచట నివసించువారు సుమారు 1 లక్ష 17 వేల మంది. వారిలో నూటికి 64 మంది వేల్సు భాష మాటలాడగలవారు. మన మార్కాపురపు పలకల వంటి రాయి ఆ కొండలలో విస్తారముగా దొరకును. 19వ శతాబ్దిలో దూరదేశపు నగరములందు సైతము ఇండ్ల కప్పులను ఆ పలకరాతితో వేసిరి. ఇన్ని ఇండ్లకు కప్పు నిచ్చిన సీమలో, నేడు పుట్టి పెరిగిన వారికే ఇల్లు దొరకుట దుర్లభమైనది. ఇది యెట్లు సంభవించినదో తెలియవలె నన్నచో, మొదట అచటి ముసలివారు చెప్పుకొను ఒక పాత ఆచారమును గూర్చి వినవలెను.

వేల్సు భాషలో ‘టీ ఇన్నోస్’ అను మాట కలదు. ‘ఒక్క రాత్రి ఇల్లు’ అని దాని యర్థము. ప్రొద్దు క్రుంకిన పిదప ఊరి ఉమ్మడి బీడులో ఇల్లు కట్ట నారంభించి, తెల్లవారు నప్పటికి దాని పొగగొట్టమునుండి పొగ వెడలునట్లు చేయగలిగినచో, ఆ ఇల్లు కట్టినవానిదే యగునని పల్లెవారి నమ్మకము. అంతియేకాదు. అతడు వాకిట నిలిచి గొడ్డలి విసరగా అది పడినంత మేర భూమియు అతనిదే. ఇల్లు కావలసినవాడు దూలములను, తలుపును ముందుగనే సిద్ధము చేసి దాచియుంచును. చీకటి పడగానే బంధువులు, ఇరుగుపొరుగువారు పారలతో వచ్చెదరు. గడ్డివేళ్ళతో కూడిన మట్టిపెళ్ళలను కోసి, ఇటుకలవలె పేర్చి గోడలు లేపెదరు. గోడలు లేచిన వెంటనే కప్పు వేసి, తూర్పు తెల్లబడక మునుపే పొయ్యి రాజేసెదరు. ఆ పిదప కొన్నేండ్లకు, తీరిక చిక్కినప్పుడెల్ల, మట్టిగోడలను తీసి రాతిగోడలు కట్టుకొందురు.

నిజమునకు ఈ నియమము ఏ చట్టములోను లేదు. భూస్వాములు ఉమ్మడి బీళ్ళకు కంచెలు వేసి తమ వశము చేసికొనిన దినములలో ఇట్టి ఇండ్లను కొన్నింటిని కూల్చిరి. కొన్నింటికి అద్దె కట్టించుకొనిరి. అయినను పేదవాని మనసులో ఆ నమ్మకము చెరగలేదు. రెక్కల కష్టముతో లేపి, పొయ్యి వెలిగించినవాడు ఇంటివాడు గాక మరెవ్వడగునని వాని వాదము.

ఆ కొండసీమ కాపులకు రెండిండ్లుండుటయు క్రొత్తగాదు. లోయలోని ఇంటికి ‘హెన్‌ద్రె’ యని పేరు. వేసవిలో పసులను తోలుకొని కొండమీదికి పోయి, వెన్న తీయుచు, జున్ను చేయుచు వసించు పాకకు ‘హావొద్’ అని పేరు. రెండును ఒకే కుటుంబపు కష్టమునకు ఆటపట్టులు. నేడు ఆ సీమలో వినబడు ‘టీ హావ్’, అనగా ‘వేసవి యిల్లు’, వేరు. దూరనగరపు ధనికుడు కొని, సంవత్సరములో కొద్ది వారములు మాత్రము వచ్చి విశ్రమించు ఇల్లది. తక్కిన దినములలో దాని తలుపులు మూసియుండును. కౌంటీలోని ఇండ్లలో సుమారు పదింట ఒకటి ఇట్టి రెండవ ఇల్లో, యాత్రికులకు అద్దెకిచ్చు ఇల్లో అయినదని 2020 నాటికి కౌన్సిలు లెక్క తేల్చినది. సముద్రపు టొడ్డున నున్న గ్రామములలో ఈ పాలు మరింత హెచ్చు. అట్టి గ్రామమైన అబెర్‌సోఖ్‌లో పట్టుమని పదిమంది పిల్లలు లేక, 2021 డిసెంబరులో ప్రాథమిక పాఠశాల మూతపడెను.

ఇట్లగుటకు లెక్క యేమి? ఒక పల్లెలో తల్లిదండ్రులు గతించి, వారి ఇల్లు ముగ్గురు బిడ్డలకు సమానముగా సంక్రమించిన దనుకొందము. ఇద్దరు ఉద్యోగములకై నగరములకు పోయిరి. మూడవ బిడ్డ ఊరిలోనే యుండి, బడిలో పని చేయుచు, ఆ ఇంటనే కాపురముండ గోరుచున్నది. ఇంటి విలువ 3 లక్షల పౌనులనియు, ఆమె సంవత్సరాదాయము 25 వేల పౌనులనియు అనుకొందము. తోబుట్టువుల భాగములను కొనవలెనన్న ఆమెకు 2 లక్షలు కావలెను. ఆ దేశమున ఇంటి కొరకు అప్పిచ్చువారు సామాన్యముగా సంవత్సరాదాయమునకు నాలుగున్నర రెట్లకు మించి ఇయ్యరు. అనగా ఆమెకు లభించునది 1 లక్షా 12 వేల 500. తక్కువ పడునది 87 వేల 500. నగరమున ఇల్లమ్మి వచ్చినవాడు ఆ 3 లక్షలను ఒక్కసారిగా లెక్కించి ఇయ్యగలడు. తోబుట్టువులు దుర్మార్గులు గారు. వారికిని అద్దెలున్నవి, పిల్లలున్నారు. ఎవ్వరును తప్పు చేయలేదు. అయినను ఇల్లు చేతులు మారును. ఇట్టి లెక్కల వలననే ఆ కౌంటీ జనులలో నూటికి 65 మందికి ఇల్లు కొనుశక్తి లేకుండెనని కౌన్సిలు ప్రకటించినది.

ఈ కౌంటీలోనే లానస్తిమ్‌దుయ్ అను చిన్న గ్రామమున్నది. 1864లో ఒక బడిపంతులు అకాలమరణము నొందగా, అతని భార్య పసిబిడ్డలతో ఆ గ్రామమునందలి తమ్ముని ఇల్లు చేరెను. తమ్ముని పేరు రిచర్డు లాయిడ్. పాదరక్షలు కుట్టుట అతని వృత్తి. ఆ చిన్న రాతియింటి ప్రక్కనే అతని పనిగది. మేనల్లుని న్యాయవాద పరీక్షకు సిద్ధము చేయుటకై ఆ చర్మకారుడు తాను ఫ్రెంచి, లాటిను భాషలు నేర్చుకొని బోధించెనట! ఆ బాలుడే డేవిడ్ లాయిడ్ జార్జి. 1916 మొదలు 1922 వరకు బ్రిటనునకు ప్రధానమంత్రి. అతని ప్రభుత్వము 1919లో చేసిన గృహనిర్మాణ చట్టము వలన స్థానిక కౌన్సిళ్ళు ప్రభుత్వ సహాయముతో ఇండ్లు కట్టి సామాన్యులకు అద్దెకియ్య మొదలిడెను. 5 లక్షల ఇండ్లు కట్టవలెనని తలచిరి గాని, ధనము చాలక 2 లక్షలకు పైగా మాత్రమే లేచినవి. ఆశించినంత జరుగకున్నను, ఇల్లనునది ప్రభుత్వము పట్టించుకొనవలసిన విషయమని ఆ చట్టముతో స్థిరపడినది.

1980లో వచ్చిన వేరొక చట్టము ఆ ఇండ్లలో అద్దెకున్నవారు తగ్గింపు ధరకు వానిని కొనుక్కొనవచ్చునని హక్కునిచ్చినది. కొనినవారికి మేలే జరిగినది. కాని అమ్మిన ఇండ్లకు బదులు క్రొత్తవి చాలినన్ని కట్టలేదు. వేల్సులో లక్షకు పైగా ఇండ్లు ఇట్లు పోయిన తరువాత, 2019 జనవరిలో ఆ హక్కును రద్దు చేసిరి.

ఊరివారి కినుక ఒకప్పుడు దారి తప్పినది కూడ. 1979 డిసెంబరు మొదలు పన్నెండేండ్ల పైచిలుకు కాలములో వేల్సులో సుమారు 200 ఆస్తులకు, ముఖ్యముగా వేసవి యిండ్లకు, రహస్యముగా నిప్పు పెట్టిరి. అందువలన ఏ ఒక్క కుటుంబమునకును ఇల్లు కలుగలేదు. తరువాతి తరమువారు చట్టము దారి పట్టిరి. రెండవ యింటిపై మామూలు పన్నునకు అదనముగా మరి కొంత విధింప కౌన్సిళ్ళకు అధికారము వచ్చినది. 2023 ఏప్రిలు నుండి గ్వినెద్ కౌన్సిలు నూటికి 150 వంతున అదనపు పన్ను వేసెను. పన్ను తప్పించుకొనుటకు ఇంటిని వ్యాపారముగా చూపువారును కలరు. కనుక సంవత్సరమున కనీసము 182 దినములు నిజముగా అద్దెకు పోయినగాని వ్యాపారమని ఒప్పుకొనమని ప్రభుత్వము నిబంధన పెట్టినది. అంతకు మునుపు 70 దినములే చాలెడివి.

2024 సెప్టెంబరు 1 మొదలు గ్వినెద్ కౌన్సిలు మరియొక అడుగు వేసెను. నివాసగృహమును రెండవ ఇల్లుగా గాని, యాత్రికుల విడిదిగా గాని మార్చుటకు ముందు అనుమతి పొందవలెనని నిర్ణయించెను. దీనిని వ్యతిరేకించినవారిలో స్థానికులును ఉండిరి. జీవితమంతయు కష్టించి సంపాదించిన ఆస్తి ఇల్లొక్కటియే యైనవానికి, దాని వెల తగ్గిన ముసలితనమున ఆధారమేమి యని వారు ప్రశ్నించిరి. ఆ ప్రశ్నయు తేలికైనది గాదు. వివాదము న్యాయస్థానమున కెక్కినది.

అదనపు పన్నువలన వచ్చిన ధనములో కొంత గృహవసతికై వినియోగించుచు, అమ్మకమునకు వచ్చిన ఇండ్లను కొన్నింటిని కౌన్సిలే కొని, బాగుచేయించి, ఆ ప్రాంతపువారికి తగిన అద్దెకు ఇయ్య నారంభించినది. అట్టి ఇంటికై పేరు వ్రాయించుకొని ఎదురుచూచు కుటుంబములు ఆ ఇండ్ల కంటె ఎన్నో రెట్లు హెచ్చు.